వర్క్‌షాపు సారు టైపు కొట్టని ఒక్క మాట

ఇప్పుడు మీ పాస్‌వర్డులన్నీ మీ ఫోన్లే గుర్తుపెట్టుకుంటున్నాయి. వేలు ఆనిస్తే తెరుచుకుంటున్నాయి, మొహం చూపిస్తే తెరుచుకుంటున్నాయి. నిద్రపోతున్న మొగుడి వేలు పట్టుకుని ఆనించినా తెరుచుకుంటాయని మా ఆవిడ ఎక్కడో విని వచ్చి చెప్పింది. ఆ రోజు నుంచి నేను చేతులు దుప్పట్లో పెట్టుకుని పడుకుంటున్నాను. అందుకని మీకు ఈ కథ అక్కరకు రాకపోవచ్చు. అయినా చెబుతాను. రిటైరైన వాడికి చెప్పడం తప్ప ఇంకేం పనుంటుంది?

నేను మొయినాబాద్‌లో ఒక ఇంజినీరింగు కాలేజీలో పనిచేశాను. ఏ కాలేజీ అని అడగకండి. ఆ చుట్టుపక్కల గోడ కనబడితే చాలు, దాని వెనక ఏదో ఒక ఇంజినీరింగు కాలేజీ ఉంటుంది. ఆర్డరు కాగితంలో నా హోదా సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్. అందరి నోటా కంప్యూటర్ సారు. ప్రింటర్‌లో కాగితం ఇరుక్కున్నా నేనే, సెమినార్ హాల్లో మైకు కీచుమన్నా నేనే, ప్రిన్సిపాల్ గారి గదిలో ఏసీ చల్లబడకపోయినా నేనే. ప్లగ్గు ఉన్న ప్రతి వస్తువూ కంప్యూటరేనని మా యాజమాన్యం గట్టి నమ్మకం.

పాస్‌వర్డుల విషయంలో మాత్రం నేను మహా చాదస్తుణ్ణి. అలా తయారవడానికి కారణం నా చుట్టూ ఉన్నవాళ్లే. ప్రిన్సిపాల్ గారి పాస్‌వర్డు పచ్చ చీటీ మీద రాసి మానిటర్‌కు అంటించి ఉండేది. నేను నెత్తీనోరూ కొట్టుకుంటే ఆయన దాన్ని తీసి కీబోర్డు కింద పెట్టుకున్నారు. అంత జాగ్రత్త పడ్డానని మర్నాడు స్టాఫ్ మీటింగులో అందరికీ చెప్పారు కూడా. హెచ్‌ఓడీలందరిదీ ఒకటే పద్ధతి, కూతురి పేరు, పక్కన ఒకటి రెండు మూడు. అడ్మిషన్ సెక్షన్‌లో ఒకావిడ ఈ మూల నుంచి "అక్కా, పాస్‌వర్డ్ ఏందే?" అని అరిస్తే, ఆ మూల నుంచి ఇంకో ఆవిడ అంతకన్నా గట్టిగా జవాబు చెప్పేది. ఫీజు కట్టడానికి వచ్చిన వాళ్లకు కూడా అది కంఠతా వచ్చేసింది.

నా పద్ధతి వేరు. నా సొంత పాస్‌వర్డులన్నీ ఒకే ఒక్క ఫైలులో ఉండేవి. నల్లటి తెర మీద ఒక లైను టైపు చేసి ఎంటర్ నొక్కితే, ఒక చిన్న ప్రోగ్రాము ఆ ఫైలును ఎవరికీ అర్థం కాని చెత్తగా మార్చేస్తుంది. మళ్లీ చదవాలంటే ఇంకో లైను టైపు చెయ్యాలి. అప్పుడది తాళం అడుగుతుంది. తాళమంటే ఒక పదం కాదు, మనం ముందే పెట్టుకున్న ఒక వాక్యం. ఆ వాక్యం ఉన్నదున్నట్టు కొడితే ఫైలు తెరుచుకుంటుంది. ఒక్క మాట తప్పినా తెరుచుకోదు. "మరిచిపోయారా?" అని ముద్దుగా అడిగే బటన్ దానికి లేదు. పైగా టైపు చేస్తుంటే తెర మీద చుక్కలు కూడా పడవు, మనం కొడుతున్నామో లేదో మనకే అనుమానం వస్తుంది. బొమ్మలు లేవు, రంగులు లేవు, యాడ్లు లేవు. నాకది ప్రాణం.

ఇక ఆ వాక్యం ఎట్లాంటిది ఉండాలి? దీని మీద నాకొక సిద్ధాంతం ఉండేది. ఎవరికీ తెలియని మాట పెట్టుకుంటే కొన్నాళ్లకు మనమే మరిచిపోతాం. అందరికీ తెలిసినది పెట్టుకుంటే ఎవరైనా ఊహిస్తారు. కాబట్టి అందరికీ తెలిసి కూడా ఎవరూ నోరు తెరిచి అనని మాట పెట్టుకోవాలి. దాన్ని మనం చచ్చినా మరిచిపోం, ఎవరి ముందూ పొరపాటున కూడా అనం. స్టాఫ్ ట్రైనింగులో దీని గురించి గంటసేపు ఉపన్యాసం ఇచ్చాను. సగం మంది పడుకున్నారు. మేలుకుని విన్నవాళ్లలో మొదటివాడు మా వర్క్‌షాపు సారు, మొదటి వరసలో కూర్చుని తల కూడా ఊపాడు. అప్పటికే నా ఫైలు తాళం ఆయన తల మీదే ఉందని ఆయనకు తెలియదు.

వర్క్‌షాపు సారంటే మెకానికల్ వర్క్‌షాపులో పిల్లలకు లేతు మిషను, వెల్డింగు నేర్పే ఇన్‌స్ట్రక్టర్. నాకన్నా చిన్నవాడు. చేవెళ్ల పక్కన ఊరు, కొంచెం పొలం, టమాటా, చిక్కుడు వేస్తాడు. నేను చేవెళ్లలో ఉంటాను గనక ఏళ్ల తరబడి ఆయన బండి వెనకే కూర్చుని డ్యూటీకి వెళ్లాను. నేను ఆయన్ని తమ్మీ అనేవాణ్ణి, ఆయన నన్ను అన్నా అనేవాడు. పెట్రోలు సంగతి ఎత్తితే కోప్పడేవాడు.

ఆయన విగ్గు పెట్టుకుంటాడు. కూతురు పుట్టినప్పుడు బతుకుతుందో లేదో అన్నారట డాక్టర్లు. బిడ్డ దక్కితే గుట్ట మీది గుడికి వచ్చి తలనీలాలు ఇస్తానని మొక్కుకున్నాడు. బిడ్డ దక్కింది, ఆయన గుండు చేయించుకున్నాడు. లోకంలో అందరికీ మళ్లీ మొలిచే జుట్టు ఆయనకు మాత్రం అక్కడొకటి ఇక్కడొకటి మొలిచింది. కొన్నాళ్లు టోపీ పెట్టి చూశాడు. తర్వాత ఒక సోమవారం నల్లగా నిగనిగలాడే ఒత్తైన క్రాపుతో బండి తెచ్చి నా ముందు ఆపాడు. "ఎక్కన్నా" అన్నాడు. నేను ఎక్కాను. ఏమనాలి చెప్పండి?

ఏళ్లు గడిచాయి. ఆయన మీసం తెల్లబడింది, కనుబొమలు నెరిశాయి, క్రాపు మాత్రం అట్లాగే ఉంది. హెల్మెట్ తీసేటప్పుడు రెండు చేతులతో, వేడి గిన్నె దించినంత జాగ్రత్తగా తీసేవాడు. ఎండాకాలం వర్క్‌షాపులో ఫ్యాను వెయ్యనిచ్చేవాడు కాదు. "ఇనుపరజను కండ్లల్ల పడ్తది" అనేవాడు. పిల్లలు ఉడికిపోయేవాళ్లు కానీ కిక్కురుమనేవాళ్లు కాదు. మా కాలేజీలో ప్రతి సారుకూ పిల్లలు పెట్టిన ఒక వెక్కిరింపు పేరుండేది. నాకున్నది ఇక్కడ రాయను. వర్క్‌షాపు సారుకు మాత్రం ఏ పేరూ లేదు. హాజరు తక్కువైన పిల్లల కోసం ప్రిన్సిపాల్ కాళ్లావేళ్లా పడేది ఆయనొక్కడే. ఆయన్ని ఏడిపించడానికి ఎవరికీ మనసొప్పేది కాదు.

అందువల్ల నా ఫైలు తాళం ఈ వాక్యమైంది: "వర్క్‌షాపు సారు జుట్టు సారుది కాదు అందరికీ ఎరుకే." ఇంగ్లీషు అక్షరాల్లో, మాటకూ మాటకూ మధ్య ఖాళీ వదిలి. ఇక్కడ రాసింది అచ్చంగా అదే వాక్యం కాదు సుమా, అటూ ఇటూ మార్చి రాశాను. ముసలివాణ్ణయ్యాను గానీ మతి ఇంకా పోలేదు. ఈ కథ రాస్తున్నానని ఆయనకు కూడా చెప్పాను. "పేరు రాయకు, ఫోటో ఎయ్యకు" అన్నాడు.

రోజూ ఉదయం ఆయన బండి దిగి, ల్యాబ్‌లోకి వెళ్లి, ఆ వాక్యం కొట్టి నా పని మొదలుపెట్టేవాణ్ణి. కొట్టినప్పుడల్లా నాలో నేను నవ్వుకునేవాణ్ణి. ఉద్యోగంలో అంత సుఖమిచ్చిన పని ఇంకోటి లేదు.

నా సొంతానికని మొదలుపెట్టిన ఫైలు సొంతానికే ఉంటే ఈ కథ లేదు. మా దగ్గర ఊరికి పోతూ ఇంటి తాళంచెవి పక్కింట్లో ఇచ్చి పోతాం కదా, నేను మెల్లగా కాలేజీ మొత్తానికి ఆ పక్కింటివాణ్ణి అయ్యాను. ఎవరికి ఈమెయిలు కావాలన్నా నేనే తెరిచేవాణ్ణి, ఎవరి పిల్లల అప్లికేషన్ అయినా నేనే నింపేవాణ్ణి. పాస్‌వర్డు చేతికిస్తే "నీ దగ్గర్నే ఉండనీ సార్, మా దగ్గరైతే యాడనో పారేస్తం" అనేవాళ్లు. సరేనని ఫైలులో చేర్చేవాణ్ణి. అట్లా సగం కాలేజీ నా ఫైలులోకి వచ్చి చేరింది. అంతమంది తాళాలకు ఒకటే తాళం, అది ఒక్కడి బుర్రలో. ఇది తప్పని ఉపన్యాసంలో నేనే చెప్పేవాణ్ణి.

ఆ మొక్కుల బిడ్డ ఇంటర్ పాసై, ఎంట్రన్సు రాసి, ఇంజినీరింగు కౌన్సెలింగుకు వచ్చింది. ఆమె రిజిస్ట్రేషన్ నేనే చేశాను. పాస్‌వర్డు పెట్టమంటే, పిల్లి కీబోర్డు మీద నడిచినట్టుగా అక్షరాలూ అంకెలూ కలిపి ఒకటి పెట్టాను.

"జర కాయితం మీద రాసియ్యన్నా" అన్నాడు వర్క్‌షాపు సారు.

"కాయితం మీద రాస్తే అది పాస్‌వర్డ్ ఎట్లయితది తమ్మీ? నా ఫైల్ల భద్రంగ ఉంటది. నీకెప్పుడు కావాలన్న నేనున్న గద" అన్నాను.

"నువ్వుండంగ నాకేం ఫికరు" అని బండి తీశాడు.

ఆ తర్వాత ఆప్షన్లు పెట్టే రోజులు వచ్చాయి. ఏ కాలేజీ కావాలో, ఏ బ్రాంచి కావాలో వరసగా వెబ్‌సైట్‌లో పెట్టి సేవ్ చెయ్యాలి. గడువు దాటితే ఆ విడతలో సీటు లేనట్టే. బిడ్డకు ఏం కావాలో బిడ్డకు తెలుసు. గండిపేట వైపు ఒక మంచి కాలేజీ, అందులో కంప్యూటర్ సైన్సు. తండ్రికి మాత్రం ఊళ్లో ప్రతి ఒక్కరి సలహా కావాలి. షాబాద్‌లో బావమరిదిని అడిగాడు, శంకర్‌పల్లిలో ఎరువుల షాపు వాణ్ణి అడిగాడు, మా కాలేజీ గేటు దగ్గర చాయ్ పోసే ఆయన్ని అడిగాడు. చాయ్ ఆయన సివిల్ అన్నాడట. దాంతో మళ్లీ మొదటికొచ్చింది. ఇట్లా నానుస్తూ నానుస్తూ చివరి రోజు దాకా లాగాడు. మధ్యలో ఏదో ఆఫరుందని సిమ్ము కూడా మార్చేశాడు. రిజిస్ట్రేషన్‌లో ఉన్నది పాత నంబరు.

సరిగ్గా ఆ చివరి రోజే నాకు కంటి ఆపరేషన్. శుక్లం తీసి, కన్నుకు కట్టు కట్టి, వార్డులో వెల్లకిలా పడుకోబెట్టారు. రెండో కంట్లో కూడా శుక్లమే గనక నాకు లోకమంతా పాలపొడి కలిపినట్టు కనబడుతోంది. కదలొద్దన్నారు, వంగొద్దన్నారు, తుమ్మొద్దన్నారు. పక్క మంచం మీద షాబాద్ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన, ఆయనకూ కట్టే. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఫోను మోగింది. మా ఆవిడ ఎత్తి నా చెవికి ఆనించింది.

"అన్నా, మంచిగున్నవా? నొప్పేమన్న ఉన్నదా?"

"మంచిగనే ఉన్న తమ్మీ. ఏంది సంగతి?"

"జర తిప్పలొచ్చింది. బిడ్డ ఆప్షన్లు ఇయ్యాల్నే లాస్ట్. ఇంకొంచెం సేపట్ల సైట్ బంద్ అయితదట. పాస్‌వర్డ్ నీ దగ్గర్నే ఉండె గద."

"మరిచిపోయిన అని కొట్టు. ఫోన్‌కు ఓటీపీ వస్తది."

"ఆ ఓటీపీ పాత సిమ్ముకు పోతున్నదన్నా. దాన్ని ఇడిసిపెట్టిన. బిడ్డ పొద్దటి సంది ఏడుస్తున్నది. సీటు పోతే నా మొకం చూడనన్నది. నీ ల్యాబ్‌లనే ఉన్నం. మీ అసిస్టెంటు నీ కంప్యూటర్ తెరిచి, ఆ నల్ల తెర తెచ్చి పెట్టిండు. తాళం అడుగుతున్నది. ఏం కొట్టాలె?"

ఆపరేషన్ టేబుల్ మీద కూడా అంత భయపడలేదు.

"ఫోన్ మా అసిస్టెంటుకియ్యి తమ్మీ. ఆయనకు చెప్త."

"బయటికి పంపిచ్చిన. తాళం ఎవల ముంగట చెప్పొద్దని ట్రైనింగుల నువ్వే చెప్తివి గద."

నా ఉపన్యాసాన్ని ఆచరణలో పెట్టిన ఒకే ఒక్క మనిషి. "అయితే బిడ్డకియ్యి. ఆమె తొందరగ కొడ్తది."

"చిన్న పిల్లకు నీ సీక్రెట్లు ఎందుకన్నా? నేనే కొడ్త. స్పీకర్ పెట్టిన, చెప్పు."

వేరే దారి ఏమైనా ఉందా అని ఆలోచించాను. ఫైలు ఇంకో చోట లేదు. వాక్యం ఇంకో బుర్రలో లేదు. మా ఆవిడకు కూడా చెప్పలేదు. బిడ్డ ముక్కు ఎగబీల్చిన చప్పుడు ఫోన్లో వినిపించింది. ఆ పిల్ల పుట్టిన సంగతీ, గుట్టమీద గుండూ అన్నీ గుర్తొచ్చి నా మీద నాకే అసహ్యం వేసింది.

"ఇంగ్లీషుల కొట్టు. మాటకు మాటకు నడుమ ఖాళీ. తెర మీద ఏం పడది, భయపడకు. మొదటి మాట, వర్క్‌షాపు."

"వర్క్‌షాపు" అని పైకి అంటూ కొట్టాడు. "మా డిపార్టుమెంటే!"

"సారు."

"సారు." ఒక క్షణం ఆగాడు. "నా మీదనే పెట్టినవా అన్నా? చూసినవా బిడ్డా, పెదబాపుకు నేనంటే ఎంత ప్రేమనో!"

నేను కళ్లు మూసుకున్నాను. ఒకటి ముందే మూసి ఉంది గనక రెండోది మూసుకున్నాను.

"జుట్టు."

అవతల కీబోర్డు చప్పుడు ఆగింది. తర్వాత ఒక్కొక్క అక్షరమే పడింది.

"జుట్టు" అన్నాడు మెల్లగా.

"సారుది."

"సారుది."

"కాదు."

ఈసారి ఆయన ఆ మాట తిరిగి అనలేదు. నేను మిగతా రెండూ ఒకే ఊపిరిలో చెప్పేశాను. "అందరికీ. ఎరుకే."

"అందరికా?" అన్నాడు.

"కొట్టు తమ్మీ, టైం పోతున్నది."

నా పక్క మంచం పెద్దాయన లేచి కూర్చున్నట్టున్నాడు. "ఎవలి జుట్టు సారూ అది?" అని అడిగాడు. మా ఆవిడ నా భుజం మీద గిల్లింది. "గిదేం మాట పెట్టినవయ్యా, సిగ్గు లేదా నీకు?" అని చెవిలో అంది. కన్ను అదరకూడదని డాక్టరు చెప్పిన సంగతి ఆమెకు ఆ క్షణంలో గుర్తులేదు.

ఫోన్లో బిడ్డ గొంతు వచ్చింది. "తప్పన్నది పెదబాపూ. తెరుస్తలేదు."

నేను మళ్లీ మొదటి నుంచీ చెప్పుకొచ్చాను. వర్క్‌షాపు కొట్టినవా? కొట్టిన. సారు? కొట్టిన. జుట్టు? ఆఁ. సారుది? ఆఁ. కాదు?

"తమ్మీ. కాదు అని కొట్టినవా?"

"కొట్టలే" అన్నాడు. "సారుదే అని కొట్టిన."

అది విని నాకు నవ్వు రావాలి. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఎన్నో రకాల తప్పులు చూశాను, మర్యాద నిలుపుకోవడానికి మిషనుకు అబద్ధం చెప్పినవాణ్ణి ఆయన్నొక్కణ్ణే చూశాను. కానీ నవ్వు రాలేదు. పక్కన సొంత బిడ్డ తప్ప ఎవరూ లేరు, తెర మీద అక్షరం కూడా పడదు, అయినా ఆయన చెయ్యి ఆ మాట కొట్టలేకపోయింది. అంత బరువున్న మాటను నేను రోజూ పొద్దున్నే నవ్వుకుంటూ కొట్టాను.

"బాపూ, లే. నేను కొడ్త" అంది బిడ్డ.

"నీకు గూడ ఎరుకేనా?"

"ఇంట్ల మేకుకు తగిలిస్తవు గద బాపూ."

"ఇంట్ల సరే. కాలేజీల అందరికి ఎరుకని నీకు ఎరుకేనా?"

నాకు గోడ గడియారం టిక్కుటిక్కు వినిపిస్తోంది. మా ఆవిడ ఫోన్‌లో టైము చూసి నా చెయ్యి గట్టిగా నొక్కింది.

"జరుగు బాపూ" అంది బిడ్డ మళ్లీ.

"ఉండు" అన్నాడు ఆయన. "నేనే కొడ్త."

ఈసారి మాటలు నన్ను అడగలేదు. తనే ఒక్కొక్కటీ పైకి చెప్పుకుంటూ, వర్క్‌షాపులో పిల్లలకు కొలతలు చెప్పే గొంతుతో కొట్టాడు. "వర్క్‌షాపు. సారు. జుట్టు. సారుది." అక్కడ గాలి పీల్చుకున్నాడు. "కాదు. అందరికీ. ఎరుకే."

ఎంటర్ నొక్కిన చప్పుడు నాకు వినిపించింది. ఆ వెంటనే బిడ్డ కేక. "తెరిచింది!"

అప్పుడు నాకు ఇంకో భయం పట్టుకుంది. ఆ ఫైలు తెరుచుకుంటే లోపలున్నదంతా ఒకేసారి తెర మీద పడుతుంది. ప్రిన్సిపాల్‌ది, హెచ్‌ఓడీలది, నా బ్యాంకుది, నా పీఎఫ్‌ది. అప్పుడే నేను అంత అవమానం చేసిన మనిషి ముందు సగం కాలేజీ బట్టలిప్పుకుని నిలబడి ఉంది. నేను ఒంటికన్నుతో పైకప్పు చూస్తూ పడుకున్నాను. ఆయన వేలితో లైన్లు వెతుకుతున్నట్టున్నాడు. "ఇదేనా బిడ్డా నీది? రాసుకో. ఐపాయెనా? ఇగ బంద్ చెయ్యి, మనకెందుకు మందివి" అన్నాడు. ఆప్షన్లు పెట్టారు. సేవ్ అయ్యాయని బిడ్డ చెప్పింది. "పెదబాపూ, మంచిగ పండుకో" అని కూడా అంది. ఆయన నాతో ఏమీ అనలేదు. ఫోను కట్టయింది.

"ఇంతకు ఎవలిది సారూ ఆ జుట్టు?" అన్నాడు పక్క మంచం పెద్దాయన. మా ఆవిడ లేచి ఆయనకు మజ్జిగ పోసింది, నోరు మూయించడానికి.

ఇంటికొచ్చాక ఆయన ఫోను చెయ్యలేదు. నేను చేద్దామని తీసి, ఏమనాలో తెలియక పక్కన పెట్టేశాను. "నువ్వు కంప్యూటర్ చదివినవు, మనుషుల్ని చదవలే" అని మా ఆవిడ రోజుకోసారి అనేది. అనడం ఆమె హక్కు, నేను పడ్డాను. మళ్లీ డ్యూటీలో చేరే రోజు నల్ల కళ్లద్దాలు పెట్టుకుని చేవెళ్లలో ఎప్పటి చోటే నిలబడ్డాను. బండి వస్తుందని నమ్మకం లేదు. బస్సు వస్తే ఎక్కుదామని అటే చూస్తున్నాను.

బండి వచ్చింది. ఆగింది. "ఎక్కన్నా" అనలేదు. నేనే ఎక్కాను.

చేవెళ్ల దాటింది. రోడ్డు వెడల్పు చేసే పనులు జరుగుతున్న చోట దుమ్ము, లారీలు. మామూలుగా ఐతే ఆయన ఆ కాంట్రాక్టరును మొయినాబాద్ దాకా తిట్టేవాడు. ఆ రోజు నోరు విప్పలేదు. నేను ఆయన వీపు చూస్తూ కూర్చున్నాను. అంత పొడుగ్గా ఆ రోడ్డు నాకెప్పుడూ అనిపించలేదు. మొయినాబాద్ ఇంకా రాకముందే ఒక చోట ట్రాఫిక్ ఆగిపోయింది. ఆయన బండి బంద్ చేసి కాళ్లు ఆనించాడు.

"సీటొచ్చింది" అన్నాడు వెనక్కి తిరగకుండా. "అది అడిగిందే. కంప్యూటర్."

నాకు ఏడుపొచ్చింది. ఆపరేషన్ కంట్లో నీళ్లు పడకూడదన్నారు, లోపలి నుంచి వచ్చే నీళ్ల సంగతి చెప్పలేదు. అద్దాలు తీసి తుడుచుకున్నాను.

"తమ్మీ, నేను..."

"ఎప్పటి సంది ఎరుక?"

"మొదటి దినం సంది."

"అందరికా? ప్రిన్సిపాల్‌కు గూడనా?"

"ఆయనకు గూడ."

"చాయ్ పోసే ఆయనకు?"

"ఆయనే నాకు ముందుగాల కన్ను కొట్టిండు."

హెల్మెట్‌లోంచి ఏదో చప్పుడు వచ్చింది. ఏడుస్తున్నాడేమో అనుకున్నాను. "మరి ఒక్కడన్న నోరు తెర్వకపోతిరి గదనే!" అని అరిచాడు. పక్క ఆటోలో వాళ్లు ఇటు చూశారు. "అది ఎగిరిపోతదని ఎండకాలమంతా ఫ్యాన్ బంద్ చేసి సచ్చిన! ఆ పిలగాండ్లు ఉడికిపోయిన్రు, నేను ఉడికిపోయిన! మీకందరికి ఎరుకున్నంక ఎవని కోసం సచ్చినట్టు నేను?"

అప్పుడు నవ్వాడు. నేను నవ్వలేదు, ధైర్యం చాలలేదు.

"తీసేస్తవా మరి?" అన్నాను.

"ఎందుకు తీస్త? నాకు మంచిగ ఒప్పుతది. కాకపోతే పట్నం పోయి ఇంకోటి తెస్త. జర తెల్లెంటికలు కలిపింది. నువ్వు గూడ రా, చూసి చెప్పు, ఎట్లున్నదో."

"వస్త తమ్మీ. ఆ తాళం మాత్రం ఇయ్యాల్నే మారుస్త. పొంగనే మొదటి పని అదే."

ముందు లారీ కదిలింది. ఆయన బండి స్టార్టు చెయ్యలేదు. మొదటిసారి వెనక్కి తిరిగి నా మొహంలోకి చూశాడు.

"మార్చకు."

"ఎందుకు?"

"ఆ రోజు నీ కన్ను కట్టిన్రు, నోరు మంచిగుండె కాబట్టి నా బిడ్డకు సీటొచ్చింది. రేపు నీకు ఇంకేదన్న అయితే? ఆ ఫైల్ల నా బిడ్డది ఉన్నది, మందివి ఉన్నయి, నీ ఇంటియి ఉన్నయి. వదినె ఎవల్నడగాలె? ఇంకొకలకు ఎరుక ఉండాలె గద. ఉంటే నాకే ఉండనీ."

"నువ్వు గూడ మరిచిపోతే?"

"ఇంకో మాటైతే మరిచిపోదునేమో" అన్నాడు. "నన్ను అన్న మాట నేనెట్ల మరుస్తన్నా? సచ్చేదాక యాదుంటది."

వెనక నుంచి బస్సు వాడు హారన్ మోగిస్తున్నాడు. ఆయన గేరు వేశాడు. నేను ఆ వాక్యం మార్చలేదు.